బల్లబల్లకూ ఒక సంసారం

ప్రతి ఊళ్ళోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. పేరుకు ఏ కరణమో, పెన్షను పుచ్చుకున్న మేష్టరో, లేక ఊరికే అరుగుమీద కూర్చునే తాతగారో. మీరు కొత్తగా ఆ ఊరు వెళ్ళి, "ఫలానావారి ఇల్లు ఎక్కడండీ?" అని అడిగారనుకోండి. ఇల్లు చూపించి ఊరుకోడు. "ఏ ఫలానావారు? దక్షిణపు వీధివారా? వాళ్ళ తాతది ఈ ఊరు కాదండీ, ఇల్లరికం వచ్చాడు" అని ఎత్తుకుంటాడు. ఆ ఇంట్లో ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరు పొలం తాగేశారో, ఏ కోడలి నోరు ఎటువంటిదో, ఏ దాయాదుల దావా ఎంతదాకా పోయిందో అంతా ఏకరువు పెట్టి, మీ నోరు దప్పికతో ఎండిపోయే వేళకు ఇల్లు చూపిస్తాడు. మనం నవ్వుకుంటాం. ఇంటికి వచ్చి ఆయన మాటతీరు అనుకరించి పిల్లల్ని కూడా నవ్విస్తాం.

అటువంటి ఒకాయన, అరవై అయిదేళ్ళ వయస్సులో, కలమూ కాగితమూ తీసుకుని ఆ కబుర్లన్నీ వరసగా వ్రాసి పెడితే ఎలా ఉంటుంది? మూడువందల యేళ్ళ క్రితం ఇంగ్లండులో ఒకాయన సరిగ్గా ఆ పనే చేశాడు. పేరు రిచర్డ్ గాఫ్. ఈ వారం ఆయన సంగతి చెప్పుకుందాం.

ఇంగ్లండు పడమటి అంచున, వేల్సు దేశపు సరిహద్దు దగ్గర, ష్రాప్‌షైర్ అని ఒక జిల్లా. దాని ముఖ్యపట్నం ష్రూస్‌బరీ. అక్కడికి ఎనిమిది మైళ్ళ దూరంలో, ఉత్తరాన, మిడిల్ అనే పల్లెటూరు. అదొక పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళ గుంపు. మిడిల్, మార్టన్, న్యూటన్, బాల్డర్టన్ ఇలా చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి ఒక చర్చి, ఒక గురువు, ఒక శ్మశానం. ఆ పారిష్‌లోని న్యూటన్ పల్లెలో గాఫ్ 1635 జనవరిలో పుట్టాడు. పుట్టిన చోటనే బతికి, 88 యేళ్ళ వయస్సులో 1723లో పోయాడు. (తరువాతి శతాబ్దంలో లండనులో ఇదే పేరుతో మరొక పెద్ద చరిత్రకారుడు ఉన్నాడు. ఆయనకు పేరు ప్రతిష్ఠలు ఎక్కువ. ఈయన ఆయన కాదు.) గాఫ్ అనేది వేల్సు మాట, "ఎర్రని" అని అర్థం. పూర్వీకులలో ఎవరో ఎర్రజుట్టువాడు ఉండి ఉంటాడు కాబోలు.

జమీందారు కాడు, కూలివాడూ కాడు. సొంత పొలమున్న మధ్యతరగతి రైతు. ఊరి బడిలోనే చదువుకున్నాడుగాని, ఆ చదువు గట్టిది. లాటిను బాగా వచ్చును. ఎంత బాగా వచ్చునంటే, వ్రాస్తూ వ్రాస్తూ ఉన్నట్టుండి ఒక లాటిను సామెత విసరకపోతే ఆయనకు తోచదు. మన పెద్దలు మాటకొక శ్లోకం చదవరూ, అలాగన్నమాట. యవ్వనంలో దగ్గరలోని రాబర్ట్ కార్బెట్ అనే పెద్దమనిషి దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. కార్బెట్ గారు మేజిస్ట్రీటు. అందువల్ల దస్తావేజులు, వీలునామాలు, తగవులు, తీర్పులు అన్నీ గాఫ్ చేతిమీదుగా నడిచాయి. ఊరి గుట్లన్నీ చేరవలసిన చోటికే చేరాయి. 1661లో పెళ్ళిచేసుకున్నాడు. 1694లో భార్య పోయింది. ముసలితనంలో ఒంటరిగా కూర్చుని 1700లో పుస్తకం మొదలుపెట్టాడు.

మొదటి భాగం పద్ధతి ప్రకారమే వ్రాశాడు. ఆ కాలపు పండితులు ఎవరు ఊరి చరిత్ర వ్రాసినా ఇలాగే వ్రాసేవారు: పొలిమేరలు, అడవులు, చెరువులు, పాడుబడిన కోట, ఆ కోటను ఏలినవారు, చర్చికి వచ్చిన గురువుల జాబితా. అందులోనూ రంజు లేకపోలేదు. మిడిల్ కోటలో ఉండిన హంఫ్రీ కినాస్టన్ అనే దొర 1491లో చట్టానికి వెలి అయిపోయి బందిపోటుగా తిరిగాడు. అతన్ని పట్టుకోవడానికి అధికారులు సెవర్న్ నదిమీద వంతెన పలకలు ఊడదీసి కాపు వేస్తే, గుర్రంతో సహా ఆ ఖాళీని దూకేశాడట. ఆ దూకు ఎంత పొడవో తరువాత ఒక బీడు నేలమీద కొలిచి, రెండు కొసలా అతని పేరు మొదటి అక్షరాలు నేలలో చెక్కి పెట్టారని గాఫ్ వ్రాశాడు.  ఆ చివరి మాటతో మనిషి పట్టుబడ్డాడు చూడండి. దూకు అందరూ చెబుతారు. నేలలో చెక్కిన అక్షరాల సంగతి వ్రాసి పెట్టేవాడు ఒక్కడు ఉంటాడు.

కాని గాఫ్‌ను గాఫ్ చేసింది రెండో భాగం. 1701 ప్రాంతాల వ్రాసినది.

మన విందుల్లో ఎవరు ఏ పంక్తిలో కూర్చోవాలన్న దానిమీద ఎన్ని అలకలు, ఎన్ని తగాదాలు వస్తాయో వేరే చెప్పనక్కరలేదు గదా. మిడిల్ చర్చిలోనూ అదే గొడవ. అక్కడ ఆదివారం పూట ఇష్టం వచ్చినచోట కూర్చుంటే కుదరదు. కొయ్యపలకలతో దడి కట్టినట్టు కట్టిన బల్లలు వరసగా ఉంటాయి. ఒక్కొక్క బల్ల మీద హక్కు ఒక్కొక్క ఇంటికి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక్కొక్క కమతానికి, అంటి ఉంటుంది. పొలం అమ్మితే బల్ల కూడా పోతుంది. పొలం కొన్నవాడు వచ్చి ఆ బల్లమీద కూర్చుంటాడు. ముందు వరసల్లో పెద్ద కమతాలవాళ్ళు, మధ్యన నడితరం రైతులు, వెనకనూ ప్రక్కనూ గుడిసెలవాళ్ళు. చర్చికి పన్ను కట్టని కుర్రకారు పోయి పెద్దల బల్లల్లో కూర్చుంటే అది మర్యాద కాదని పెద్దలు చిరాకు పడేవారు. ఊరంతా వారానికొకసారి తన అంతస్తుల పటాన్ని తానే పరిచి చూసుకునేదన్నమాట.

గాఫ్ ఏం చేశాడంటే, ఆ చర్చి పటం గీశాడు. ఏ బల్ల ఎక్కడ, ఏ బల్ల ఎవరిది అని గుర్తులు పెట్టాడు. పెట్టి, మొదటి బల్ల దగ్గర మొదలుపెట్టి, ఆ బల్లమీద కూర్చునే ఇంటివారి కథ తాతముత్తాతలనుంచి మనుమల దాకా వ్రాశాడు. అది కాగానే రెండో బల్ల. తరువాత మూడోది. అలా గుడిసెలవాళ్ళ కొట్టకొసబల్ల దాకా. మహా ప్రజ్ఞావంతులైన చరిత్రకారులకు తట్టని ఎత్తు ఇది. రాజుల వరసతో చరిత్ర వ్రాస్తే రాజులే వస్తారు. బల్లల వరసతో వ్రాస్తే కోళ్ళదొంగ కూడా వస్తాడు, ఎందుకంటే వాడికీ కూర్చునేందుకు ఒక చోటు ఉన్నది.

ఉన్నాడు కూడాను. జాన్ ఏస్టన్ అని. కొంచెం వెర్రిబాగులవాడు, ఒట్టి సోమరి, కోళ్ళూ చిల్లర సామాన్లూ ఎత్తుకుపోయే అలవాటు. చిన్న దొంగతనాలు గదా అని ఊరివాళ్ళు చాలాకాలం ఓర్చుకున్నారు. చివరికి ఇరవైనాలుగు కోళ్ళు, పుంజులూ పెట్టలూ కలిపి, ఎత్తుకుపోయినందుకు కోర్టు బోనెక్కించారు. ఇప్పుడు చూడండి చిక్కు. ఆ రోజుల ఇంగ్లీషు శాసనం ప్రకారం దొంగసొత్తు విలువ పన్నెండు పెన్నీలు దాటిందా, ఉరిశిక్షే. ఇరవైనాలుగు కోళ్ళ ఖరీదు పన్నెండు పెన్నీలు దాటదా? నేరం పూర్తిగా రుజువయింది. జడ్జీగారు వాడి వాలకం చూసి, నేరస్థుడని చెప్పక తప్పదుగాని సొత్తు విలువ సంగతి కాస్త ఆలోచించండని జ్యూరీకి సూచించాడు. జ్యూరీవారు ఆలోచించారు. కోళ్ళన్నీ కలిసి పదకొండు పెన్నీలని తేల్చారు. జడ్జీ పకపక నవ్వి, ఈ ప్రాంతంలో కోళ్ళు ఇంత చవకగా దొరుకుతున్నాయని విని సంతోషంగా ఉన్నదన్నాడట. ఏస్టన్ బతికి బయటపడ్డాడు. ఆ తరువాత కాస్త జాగ్రత్తపడ్డాడేగాని ఆ విద్య మాత్రం పూర్తిగా మానలేదని గాఫ్ ముక్తాయింపు.

ఇంకొక దొంగ రీస్ వెన్‌లాక్. పెద్ద దొంగతనం ఎన్నడూ చెయ్యలేదు. రాత్రిళ్ళు తిరిగి తోటల్లో పళ్ళు, పొలంలో కోసిపడేసిన పంట, ఇలాంటివి. ముఖ్యంగా ఇరుగుపొరుగు కంచెలు పీకి వంటచెరకు చేసుకునేవాడు. అతని ఆవు ఒకసారి పోయింది. (దొంగ ఇంట దొంగలు పడడమంటే ఇదే.) సోదె చెప్పే ఒకామె దగ్గరకు పోతూ, ఆమె మహత్తు తేల్చుకుందామని జేబులో ఒక రాయి వేసుకున్నాడు. పక్కనున్న వాడితో ఆ మాట చెప్పాడు కూడాను. ఆమె చూస్తూనే, నీ జేబులో ఒక రాయి ఉన్నదిగాని, ఫలానా పొరుగువాడి దంతె పళ్ళు రాలగొట్టిన రాయి అంత పెద్దది కాదులే, అన్నదట. ఆవు సంగతి ఏమయిందో మరి!

ఈ వెన్‌లాకే కొత్తగా రొట్టెల పొయ్యి కట్టుకున్నాడు. కొత్త పొయ్యిని మొదట బాగా కాల్చాలి. దానికి బోలెడు కట్టె కావాలి. కట్టె ఎక్కడినుంచి వస్తుందో ఊరందరికీ తెలుసు. పొరుగు రైతు దగ్గర మెర్సర్ అనే కొంటె జీతగాడు ఉండేవాడు. వాడు కంచెలోనుంచి ఒక మంచి ఎండుకట్టె తీసుకుపోయి, బరమాతో కొసను బొక్క తొలిచి, దాని నిండా తుపాకిమందు కూరి, మేకు బిగించి, మళ్ళీ తెచ్చి కంచెలోనే పెట్టాడు. అంతే. ఆ రాత్రి వెన్‌లాకు పొయ్యి కప్పు ఎగిరిపోయింది, ఇంటి కొసకు నిప్పంటుకున్నది. "మంటలు! మంటలు!" అని వెన్‌లాకు గావుకేకలు. రైతు లేచి మెర్సర్‌ను పిలిస్తే, సంగతేమిటో నాకు తెలుసునులెండి అన్నాడట వాడు. ఇద్దరూ పోయి చూసేసరికి మంట ఆర్పుకున్నాడుగాని పొయ్యి తునాతునకలయింది.

నవ్వు తెప్పించే కథలే ఉన్నాయనుకునేరు. హ్యూ ఎల్క్స్ అనే వాడి కథ చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆదివారం అందరూ చర్చికి పోయిన వేళ చూసి, ముఖాలకు ముసుగులు వేసుకుని, స్నేహితులతో ఒక ఇంట్లో దోపిడికి దిగాడు. ఇంట్లో ఒక పనిపిల్ల జున్నుగడ్డ చేస్తూ ఉన్నది. ఆ పిల్లను కట్టివేస్తూ ఉండగా ఎల్క్స్‌ను ఆనవాలు పట్టింది. వరస పెట్టి పిలిచి, తనను ఏమీ చెయ్యవద్దని బతిమాలుకున్నది. ఆ గుర్తుపట్టడమే ఆమె ప్రాణానికి వచ్చింది. కత్తి తీసి గొంతు కోశాడు. కూడా వచ్చినవాళ్ళు హడలిపోయి పరుగెత్తారు. ఎల్క్స్ కూడా ఏమీ తీసుకోకుండా తలుపు మూసి వెళ్ళిపోయాడు. కాని తన కుక్కను లోపల మరిచిపోయాడు. జనం వచ్చి చూసేసరికి పిల్ల చచ్చిపడి ఉన్నది, కుక్క కడుపు పగిలేటట్టు జున్ను తిని ఉన్నది. కుక్కను వదిలి దాని వెంట నడిచారు. అది తిన్నగా యజమాని ఇంటికే తీసుకుపోయింది.

ఇటువంటివి చెబుతున్నప్పుడు గాఫ్ గొంతు ఎత్తడు. అయ్యో అనడు, అకటా అనడు. కోళ్ళు ఎన్నో చెప్పినట్టే ఇదీ చెబుతాడు. జున్ను సంగతి విడిచిపెట్టడు. అందువల్లనే మనకు మరవు రాదు.

గృహిణులు కొంచెం కోప్పడే కథ కూడా ఒకటి చెప్పకతప్పదు. బాల్డర్టన్‌లో థామస్ హేవర్డ్ అని మంచి రైతు. అందగాడు, చదువుకున్నవాడు, ఇతరుల ప్రమాణం కన్నా ఇతని ఉత్తమాటకు విలువ ఎక్కువని పేరు. తండ్రి ఇచ్చిన పొలం ఉన్నది. ష్రూస్‌బరీలో బడిపెద్ద కూతురిని చేసుకున్నాడు. రొక్కమూ, పట్నంలో ఇళ్ళూ తెచ్చుకున్నది. చక్కనిది కూడా. కాని నోరు పదును. ఇంట్లో శాంతి లేదు. శాంతి లేక, కేవలం కాస్త అన్నం తినడానికని సారాదుకాణాలకు పోవడం మొదలుపెట్టాడు. పోయినచోట నలుగురూ కలిసేవారు. మనిషి అందరికీ ఇష్టుడు. అందుచేత ఉండవలసినదానికన్నా ఎక్కువసేపు ఉండిపోయేవాడు. ఆస్తి తెలియకుండానే కరిగిపోయింది. తప్పు ఎవరిది? గాఫ్ చెప్పడు. చెప్పనట్టే కనిపిస్తూ కాస్త హేవర్డ్ వైపు మొగ్గాడని మా ఇంట్లో అభిప్రాయం. నేను కాదనలేదు. ఆ ఇల్లాలు తన బల్లమీద కూర్చుని ఏమని చెప్పుకునేదో వ్రాసేవారు లేకపోయారు.

అలాగని తాగుడు మగవాళ్ళ సొత్తని గాఫ్ అనలేదు. ఒక ఇల్లాలి తాగుడు అప్పు కింద భర్త ఒక్కసారే పది పౌండ్లు కట్టుకున్నాడట. క్రాస్ అనే ఆయనా, భార్యా జంటగా రోజూ సారాదుకాణానికి పోయేవారట. కొన్నాళ్ళకు వాళ్ళ ఆవులు కూడా అక్కడికే పోయాయని గాఫ్ వ్రాశాడు. ఒక సంసారం ఎలా కూలిందో చెప్పడానికి ఆయనకు పట్టిన చోటు అంతే.

ఇరుగుపొరుగు గుట్టు ఇలా రచ్చకెక్కించవచ్చునా అని మీరు అడగవచ్చు. ఆయన కాలంలోనూ అడుగుతారని ఆయనకు తెలుసు. జవాబు ముందే వ్రాసిపెట్టుకున్నాడు. తాను ద్వేషంతో ఏమీ వ్రాయలేదనీ, పూర్వులు చేసిన చెడ్డపనులు బయట పెట్టాడని ఎవరికైనా కోపం వస్తే, తమ తరువాత తమ పేరుకు అటువంటి మచ్చ లేకుండా నడుచుకోవలసిందనీ ఆయన సమాధానం. జవాబు గడుసుగానే ఉన్నదిగాని, నాకు పూర్తిగా ఒప్పుదల కావడం లేదు. తాతగారి తాగుడు మనుమడు చదవవలసి రావడం సుఖమైన విషయం కాదు. అయితే ఒక సంగతి ఆయన పక్షాన చెప్పుకోవాలి: పెద్ద కమతంవాడని దాచలేదు, గుడిసెవాడని విదిలించలేదు. ముందు బల్లకు ఏ కొలతో, వెనక బల్లకూ అదే కొల.

ఇంకొక విషయంలో మాత్రం నాకు గాఫ్ మీద మనస్సు చివుక్కుమన్నది. ఆ రోజుల్లో బీదవాళ్ళను పోషించే భారం పారిష్‌ది. ఏ పారిష్‌వాడని తేలితే ఆ పారిష్‌వారు తిండి పెట్టాలి. అందుచేత ఒక కుంటివాడో, పిల్లల తల్లో చేయి చాపితే, "మీ ఊరివాడు" అని వీళ్ళు, "కాదు, మీ ఊరివాడు" అని వాళ్ళు, కోర్టులకెక్కేవారు. మిడిల్ పక్షాన ఈ దావాల్లో గాఫ్ హుషారుగా తిరిగాడు. పుస్తకం చివర ఆ కేసులన్నీ వ్రాస్తూ, మొదటిది ఓడిపోయామనీ, దేవుడి దయవల్ల ఆ తరువాత ఏదీ ఓడలేదనీ మురిసిపోయాడు. గెలిచినప్పుడల్లా ఎవడో ఒక అభాగ్యుణ్ణి పొరుగూరివాళ్ళ నెత్తికెత్తారన్నమాట. ప్రతి గుడిసెవాడి కథా ఓపికగా వ్రాసిన మనిషికి ఇందులో పాపం కనిపించలేదు. ఊరిని అంతగా ప్రేమించేవాడికి పొలిమేర అవతలివాడు కొంచెం మసకగా కనిపిస్తాడు కాబోలు.

ఇంతా వ్రాసి అచ్చువేయించుకున్నాడా అంటే, లేదు. అచ్చు ఊసే ఎత్తలేదు. తాను వ్రాసినవి కొందరికి పనికిమాలినవిగా తోచవచ్చుగాని, ఇందులోని ఏ ముక్కయినా ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి అవసరం పడవచ్చునని ఆయన నమ్మకం. పోయాక నూరేళ్ళు దాటేదాకా ఆ వ్రాతప్రతి అలాగే ఉన్నది. వ్రాతప్రతుల పిచ్చివాడని పేరుపడ్డ సర్ థామస్ ఫిలిప్స్ 1834లో తన సొంత ముద్రణాలయంలో కొంతభాగం అచ్చువేశాడు. "మానవ స్వభావం బయటపడే మిడిల్ చరిత్ర" అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. పేరు బాగానే కుదిరింది. పూర్తి గ్రంథం 1875లోగాని రాలేదు. ఆ తరువాత డేవిడ్ హే అనే చరిత్రకారుడు చర్చిలోని జననమరణాల రిజిస్టర్లు, వీలునామాలు, పన్నుల పట్టీలు ముందు వేసుకుని గాఫ్ కబుర్లను ఒక్కొక్కటే సరిచూశాడు. 1974లో మిడిల్ మీద పెద్ద గ్రంథమే వ్రాశాడు. ముసలాయన చాలా మట్టుకు నిజమే చెప్పాడని తేలింది. 1981లో హే సంపాదకత్వంలోనే చవకరకం ప్రతి వచ్చి, గాఫ్ మామూలు జనం చేతుల్లోకి వచ్చాడు. చిన్నమనుషుల చరిత్ర ఎలా వ్రాయాలని అడిగేవారికి ఇంగ్లండులో ఈనాటికీ మొదట చూపించే పుస్తకాలలో అదొకటి.

నేను ఇది వ్రాయడానికి అసలు కారణం వేరే ఉన్నది. ఆ పుస్తకంలో ఒక జాబితా.

1642లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెసుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. రాజు ష్రూస్‌బరీకి వచ్చి సైన్యం కూడగడుతున్నాడు. పదహారు మొదలు అరవై యేళ్ళ లోపు మగవాళ్ళంతా ఫలానా రోజున మిడిల్ కొండమీదకు రావలసిందని తాకీదులు పంపారు. ఈ తమాషా చూడడానికి గాఫ్ కూడా పరుగెత్తాడు. తనకప్పుడు ఎనిమిదో తొమ్మిదో యేళ్ళని వ్రాసుకున్నాడు. లెక్క చూస్తే ఏడు నిండి ఎనిమిదోది నడుస్తున్నది. ముసలివాళ్ళ లెక్కలో ఒక యేడాది అటూ ఇటూ కావడం మామూలే. కాని చూసినది మాత్రం తప్పలేదు. కొండ నిండా జనం. ఎత్తయిన గట్టుమీద ఒక మనిషి కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని పక్కన మూడో నాలుగో బల్లేలు నేలలో నిటారుగా గుచ్చి ఉన్నాయి. రాజుగారి కొలువులో చేరేవాళ్ళకు వారానికి పద్నాలుగు గ్రోటులు జీతమని అతడు చాటాడు. గ్రోటు అంటే నాలుగు పెన్నీలు.

అరవై యేళ్ళ తరువాత కూర్చుని, ఆ మాట విని వెళ్ళినవాళ్ళ పేర్లు గాఫ్ తలచుకున్నాడు. మిడిల్, మార్టన్, న్యూటన్, ఈ మూడు పల్లెలనుంచే ఇరవైమంది వెళ్ళారు. పదముగ్గురు తిరిగి రాలేదు. వాళ్ళలో ఏ సేనాపతీ లేడు. గాఫ్ తండ్రిగారి ఇంట్లో పనిచేసిన జాన్ ఆర్థర్స్ అందులో ఒకడు, హాప్టన్ కోట దగ్గర పోయాడు. ఇంకొకడు సారాదుకాణదారు తమ్ముడు. పార్లమెంటు పక్షాన ఈ పారిష్‌నుంచి వెళ్ళినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో చచ్చినవాడు తనకు తెలిసి ఎవరూ లేరనీ, గాయపడినవాడు మాత్రం జాన్ మౌల్డ్ ఒక్కడనీ వ్రాశాడు. పొట్టివాడు, చూడముచ్చటైనవాడు, సాహసి. కాలిలోనుంచి తుపాకిగుండు దూసుకుపోయి ఎముక విరిగింది, కిందనున్న గుర్రం చచ్చింది. కాలు మానింది గాని, బతికినన్నాళ్ళూ వంకరగానే ఉండిపోయింది.

యుద్ధం గాఫ్ ఇంటి దాపుకు కూడా వచ్చింది. మిడిల్‌లో కమ్మరి కొలిమి దగ్గర రాజు పక్షపు అధికారి ఒకడు గుర్రానికి లాడం వేయించుకుంటూ ఉండగా పార్లమెంటు సిపాయిలు వచ్చి కాల్చారు. ప్రార్థన చెయ్యడానికి బడిపంతులుగారిని పిలిపించారు. పంతులుగారి వెంట ఈ కుర్రవాడూ పోయాడు. మనిషి పక్కమీద పడి ఉండడమూ, నెత్తురు నేలమీద పారడమూ చూశాడు. ఆ రాత్రి ఆ మనిషిని తమ కోటకు మోసుకుపోయారు. మర్నాడు పోయాడు. ఇంగ్లండు అంతర్యుద్ధం మీద గ్రంథాలు అనేకం ఉన్నాయి. ఆ నేలమీది నెత్తురు మాత్రం ఈ ఒక్క పుస్తకంలో ఉన్నది.

మూడు పల్లెలనుంచే ఇంతమంది పోయినప్పుడు దేశం మొత్తం మీద ఎన్నివేలమంది పోయి ఉంటారో ఊహించుకోవచ్చునని గాఫ్ ఒక్క ముక్క అన్నాడు. అంతకు మించి యుద్ధాన్ని గూర్చి ఉపన్యాసం ఇవ్వలేదు. రాజు గొప్పా, పార్లమెంటు గొప్పా అన్న జోలికి అక్కడ పోలేదు. పేర్లు వ్రాశాడు. ఎక్కడ పోయాడో తెలిసినచోట ఊరి పేరు వ్రాశాడు. సందేహమున్నచోట "అనుకుంటాను" అని వ్రాశాడు.

ఆ పదముగ్గురిలో థామస్ ఫార్మ్‌స్టన్ అని మార్టన్ కుర్రవాడు ఒకడు. మంచి పైకి రాగల పిల్లవాడని గాఫ్ వ్రాశాడు. ఎక్కడ చచ్చిపోయాడో మాత్రం చెప్పలేనన్నాడు.